కంటికి కనిపించని ఎండ

"తొండని ఇంట్లో పెట్టుకుని మేపుతున్నారా? ఇదేం చోద్యమే!" అంది అమ్మ, వీడియో కాల్‌లో మొదటిసారి చూసి. మరీ తప్పేం కాదు. ఆస్ట్రేలియా ఎండు నేలల బియర్డెడ్ డ్రాగన్, మన పెరటి కంచె మీద తలాడించే తొండ ఒకే కుటుంబం. డాలస్‌లో మా ఇంట్లో దాని పేరు గడ్డం బాబాయ్. మావాడి పన్నెండో పుట్టినరోజు కానుక.

ఆర్నెల్లకి బాబాయ్ నీరసపడ్డాడు. కీచురాయి కళ్లముందే తిరుగుతున్నా పట్టలేకపోతున్నాడు. ముందుకాళ్లు సన్నగా వణుకుతున్నాయి. డాక్టరమ్మ దవడ మెల్లగా నొక్కి చూసి, "ఏ లైటు వాడుతున్నారు?" అంది. కిట్‌తోపాటు షాపువాళ్లిచ్చిన చుట్టల బల్బు ఫోటో చూపించా. "రోజూ కిటికీ దగ్గర ఎండలో కూడా పెడుతున్నాం" అన్నా గొప్పగా.

"అద్దం వేసే ఉంటుందా?"

ఉంటుంది మరి!

విషయం అక్కడే ఉంది. చర్మంలో విటమిన్ డి3 తయారవ్వాలంటే యూవీబీ కిరణాలు తగలాలి. కిటికీ అద్దం వెలుతురునీ వేడినీ రానిస్తుంది, యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. డి3 లేకపోతే మనం చల్లే కాల్షియం పొడి సరిగా ఒంటికి పట్టదు. అప్పుడు శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంగుతాయి.

మరి ఏం కొనాలి? చుట్టల బల్బు యూవీబీ కొద్ది చోటులోనే పడుతుంది. పొడవాటి టీ5 హై అవుట్‌పుట్ ట్యూబు మేలు. పెట్టె మీద 10 లేదా 12 శాతం యూవీబీ అని ఉండాలి. పొడవు గూటిలో సగానికి తగ్గకూడదు. వేడి బల్బు ఉన్న వైపే బిగించాలి, రెండో వైపు నీడ ఉండాలి. ఎంత ఎండ కావాలో అదే తేల్చుకుంటుంది. పైన జాలీ ఉంటే మూడో వంతు యూవీబీ దానికే పోతుంది, కాబట్టి ఎంత ఎత్తున పెట్టాలో కంపెనీ కాగితం చూసుకోవాలి. మరీ దగ్గరైతే కళ్లకి దెబ్బ. రోజుకి పన్నెండు గంటలు వెలిగిస్తే చాలు, రాత్రి చీకటే మంచిది.

ఇంకో మాట. ట్యూబు వెలుగుతోంది కదా అని నమ్మకండి. వెలుగు అలాగే ఉంటుంది, యూవీబీ మాత్రం నెలనెలా తగ్గిపోతుంది. కంపెనీని బట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాల్సిందే.

ఇప్పుడు బాబాయ్ వణుకు తగ్గింది. కీచురాళ్లని మళ్లీ గురి చూసి పడుతున్నాడు. ఎడమ ముందుకాలి వంకర మాత్రం అలాగే మిగిలింది. మావాడు దాన్ని చూసినప్పుడల్లా నాకు గుచ్చుకుంటుంది.

అమ్మ గ్యాస్ బండ పెట్టిన రోజు క్యాలెండర్ మీద రాసుకునేది. నేనిప్పుడు ట్యూబు బిగించిన తేదీ రాసుకుంటున్నా.