పొట్టి గేరు రాడ్డు

పిల్లలూ! కారులో డ్రైవరు పక్కన కూచుని ఎప్పుడైనా ప్రయాణం చేశారా? చేసి ఉంటే, అతను ఎడమచేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిలించే గేరు రాడ్డును చూసే ఉంటారు. ఈ నెల ఆ రాడ్డు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకుందాం. అందుకు పాల్వంచలో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను.

భద్రాచలం పోయే యాత్రికులు రైలు దిగే స్టేషనుకు "భద్రాచలం రోడ్" అని పేరు. పేరు భద్రాచలానిదే గాని, స్టేషను ఉన్నది కొత్తగూడెంలో! అక్కడినుంచి పాల్వంచ మీదుగా, సారపాక దాటి, గోదావరి వంతెన ఎక్కి భద్రాచలం చేరాలి. సుమారు 40 కిలోమీటర్ల దారి. పాల్వంచలో నాకు తెలిసిన కుర్రవాడు ఒకడు ఈ దారిలో యాత్రికులను కారులో తీసుకుపోతుంటాడు.

వాడి కారు పాతది. దారిలో లారీలు ఎక్కువ. మాటిమాటికీ గేరు మార్చాలి. పందెపు కార్లలో గేరు రాడ్డు కొద్దిగా కదిలిస్తే చాలునని వాడు ఎక్కడో చూశాడు. అటువంటి రాడ్డును షార్ట్ షిఫ్టర్ అంటారు. కారుతోపాటు వచ్చేది కాదు, విడిగా కొని బిగించుకునేది. వాడు నాలుగు నెలలు డబ్బు కూడబెట్టి ఒకటి తెప్పించాడు. ఒకనాటి మధ్యాహ్నం దాన్ని పట్టుకుని మెకానిక్కు షెడ్డుకు పోయాడు.

షెడ్డులో ఉన్నది ముసలి మేస్త్రి. పక్కనే అతని మనమరాలు, పదేళ్ళ పిల్ల, స్కేలు పెట్టి లెక్కల పుస్తకంలో గీతలు గీసుకుంటున్నది.

"మేస్త్రీ! ఇది బిగిస్తే నా చెయ్యికి శ్రమ తగ్గుతుంది," అన్నాడు కుర్రవాడు.

"దూరం తగ్గుతుంది. శ్రమ తగ్గుతుందని ఎవరు చెప్పారు?" అన్నాడు మేస్త్రి.

"అదేమిటి తాతా! దూరం తగ్గితే శ్రమ తగ్గదూ?" అన్నది పిల్ల.

మేస్త్రి కారు చక్రాలకు ముందూ వెనకా చెక్కముక్కలు పెట్టి, చేతి బ్రేకు లాగి, పనికి దిగాడు. ముందు రాడ్డు మీది పిడిని మర తిప్పి తీశాడు. దాని చుట్టూ ఉన్న తోలు తొడుగును తీశాడు. సీట్ల మధ్య ఉన్న ప్లాస్టిక్ పెట్టె మరలు ఊడదీసి, పోకుండా ఒక డబ్బా మూతలో వేశాడు. అప్పుడు రాడ్డు అసలు రూపం బయటపడింది. మనకు పైకి కనిపించేది సగమే! రాడ్డు కింద ఒక ఆధారం మీద నిలబడి ఉన్నది. ఆధారానికి కింద మరో చిన్న భాగం ఉన్నది. దాని కొసకు ఒక లావుపాటి తీగ తగిలించి ఉన్నది. ఆ తీగ ఇంజను పక్కన ఉన్న గేరు పెట్టెదాకా పోతుంది. పిడిని ముందుకు తోస్తే, రాడ్డు కింది కొస వెనక్కు పోయి తీగను లాగుతుంది. రాడ్డును పక్కలకు కదిలించినప్పుడు లాగటానికి మరో తీగ ఉన్నది.

"ఏతం చూశావా?" అని మేస్త్రి మనమరాలిని అడిగాడు.

పల్లెల్లో బావినుంచి నీరు తోడటానికి పూర్వం ఏతం వాడేవారు. పొడుగాటి దూలం ఒక గుంజ మీద ఆని ఉంటుంది. ఒక వైపు దిగితే రెండోవైపు లేస్తుంది. ఆధారం ఎక్కడ ఉన్నదనే దానినిబట్టి బలమూ దూరమూ మారిపోతాయి. ఇటువంటి దాన్ని తులాదండం అంటారు. తక్కెడా, అడకత్తెరా, గడ్డపారతో రాయిని లేపటమూ అన్నీ తులాదండాలే. గేరు రాడ్డు కూడా అంతే.

పిల్ల స్కేలుతో పాత రాడ్డును కొలిచింది. ఆధారానికి పైన 30 సెంటీమీటర్లు, కింద 6 సెంటీమీటర్లు. అంటే పైభాగం కిందిభాగానికి 5 రెట్లు. మూడో గేరు నుంచి నాలుగో గేరుకు మారాలంటే కింది కొస 2 సెంటీమీటర్లు జరగాలనుకోండి. అప్పుడు పిడి 10 సెంటీమీటర్లు జరగాలి. కింద 10 కిలోల బలం కావాలంటే, చేతికి 2 కిలోల బలం చాలు.

కొత్త రాడ్డుకు పైభాగం అంతే, కిందిభాగం మాత్రం 8 సెంటీమీటర్లు. ఇప్పుడు పిడి 10కి బదులు ఏడున్నర సెంటీమీటర్లు జరిగితే చాలు. కాని చెయ్యి పెట్టవలసిన బలం? 10ని 8తో హెచ్చించి 30తో భాగించండి. రెండు కిలోల అరవైఆరు వందల గ్రాములు కాదు సుమా, సుమారు 2 కిలోల 670 గ్రాములు! దూరం నాలుగో వంతు తగ్గితే బలం మూడో వంతు పెరిగింది. బలాన్ని దూరంతో హెచ్చించి చూస్తే పాతదానికీ 20, కొత్తదానికీ 20. తులాదండం దూరాన్ని బలంగానూ, బలాన్ని దూరంగానూ మార్చగలదు గాని, పనిని తగ్గించలేదు.

"చూశావా? దూరం ఇచ్చి బలం పుచ్చుకుంటుంది," అన్నాడు మేస్త్రి.

కొత్త రాడ్డును బోల్టులతో బిగించి, గ్రీజు రాసి, తీగలు తగిలించేసరికి చీకటిపడింది. కుర్రవాడు తొందరపడుతున్నాడు. తెల్లవారుజామున రైలుకు వచ్చే యాత్రికులకు వాడు మాట ఇచ్చి ఉన్నాడు. "ఇక తాళంచెవి ఇవ్వు, మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రి తాళంచెవిని జేబులో వేసుకుని, క్లచ్చి తొక్కి ఒక్కొక్క గేరూ వేసి చూశాడు. పిల్ల పక్కన కూచుని వింటున్నది.

"తాతా! ముందుకు తోసిన గేర్లన్నీ టక్కుమంటున్నాయి. వెనక్కు లాగినవి అనటం లేదు," అన్నది.

నిజమే. 1, 3, 5 బాగా పడుతున్నాయి. 2, 4, రివర్సు సగంలో ఆగిపోతున్నాయి. "కొంచెమేగా! నడిపితే అదే సర్దుకుంటుంది," అన్నాడు కుర్రవాడు.

"సర్దుకోదు. సగం పడిన గేరు దానంతట అది ఊడిపోతుంది. నువ్వు లారీని దాటుతుండగా ఊడితే కారుకు ఊపు ఉండదు. పల్లంలో ఊడితే ఇంజను కారును ఆపి పట్టదు. వెనక సీట్లో ఉండేది ఎవరో గుర్తున్నదా?" అన్నాడు మేస్త్రి.

కుర్రవాడు మాట్లాడలేదు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, తీగను బిగించేటప్పుడు రాడ్డు సరిగ్గా మధ్యలో లేదు. ఒక పిసరు వెనక్కు ఉన్నది. అందుచేత వెనక్కు లాగినప్పుడు గేరు పూర్తిగా పడకముందే రాడ్డుకు చోటు అయిపోతున్నది. మేస్త్రి మళ్ళీ పెట్టె విప్పి, గేరును న్యూట్రల్‌లో పెట్టి, రాడ్డు కదలకుండా మధ్యలో నిలిపి, తీగను తిరిగి బిగించాడు. ఈసారి అన్ని గేర్లూ టక్కుమన్నాయి. అప్పుడు గాని తాళంచెవి బయటికి రాలేదు.

"ఇంకొక మాట," అన్నాడు మేస్త్రి. "రాడ్డు పొట్టిది గదా అని విసురుగా తొయ్యకు."

దీనికి కారణం ఉన్నది. గేరు పెట్టెలో తిరిగే రెండు భాగాలు ఒకే వేగానికి వస్తేనే వాటి పళ్ళు మెత్తగా కలుస్తాయి. పూర్వం డ్రైవర్లు క్లచ్చి రెండేసిసార్లు తొక్కి ఈ వేగాలను తామే కుదుర్చుకునేవారు. కుదరకపోతే గేర్లు గరగరలాడేవి. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లకు సింక్రోమెష్ అనే ఏర్పాటు వచ్చింది. దాన్ని రూపొందించినవాడు ఎర్ల్ థామ్సన్. ఇందులో ఒక ఉంగరం వంటి భాగం గేరుకు రాసుకుని ముందు వేగాలను సమం చేస్తుంది. ఆ తరువాతే పళ్ళు కలుస్తాయి. ఇందుకు రెప్పపాటు కాలం కావాలి. రాడ్డును ఎంత పొట్టి చేసినా ఆ కాలం తగ్గదు. బలవంతం చేస్తే ఉంగరం అరిగిపోతుంది.

మర్నాడు కుర్రవాడు యాత్రికులను భద్రాచలం చేర్చి, తిరుగుదారిలో షెడ్డు దగ్గర ఆగాడు. "గేరు దగ్గరలో పడుతున్నది గాని, చెయ్యి నొప్పిగా ఉన్నది," అన్నాడు. మేస్త్రి మనమరాలు వాడికి తన లెక్కల పుస్తకం తెరిచి చూపింది.

మీరు ఇంట్లో చెయ్యండి: బల్ల మీద అగ్గిపెట్టె పెట్టి, దాని మీద 30 సెంటీమీటర్ల స్కేలు ఆనించండి. ఒక కొస మీద పుస్తకం పెట్టండి. ముందు అగ్గిపెట్టె పుస్తకం ఉన్న కొసకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. రెండో కొసను వేలితో నొక్కండి. తరువాత అగ్గిపెట్టెను 10 సెంటీమీటర్లకు జరిపి మళ్ళీ నొక్కండి. ఎప్పుడు వేలు ఎక్కువ దూరం దిగింది? ఎప్పుడు ఎక్కువ బలం పట్టింది?

ఇక ఒక ప్రశ్న. ఆ కుర్రవాడు కొత్త రాడ్డు కొనకుండా, పాత రాడ్డు పైభాగాన్నే కోసి 30 సెంటీమీటర్లను 24 చేసి ఉంటే, పిడి ఎంత దూరం జరిగేది? ఎంత బలం పట్టేది? లెక్క కట్టి ఉంచండి. జవాబు వచ్చే నెల చూసుకుందాం.