అడుగున ఇరుక్కున్న రాయి

హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు తిరుగుతాయని మనలో చాలామందికి ఫొటోల ద్వారానే తెలుసు. అది డబ్బున్నవాళ్ల ఆట అని మేమూ అనుకున్నాం. ఇంటర్ సెలవుల్లో మా హాస్టల్ నుంచి కొందరికి అక్కడ శిక్షణ దొరికింది. సాగర్‌లోనే నేర్చుకున్న ప్రభుత్వ బడుల పిల్లలు జాతీయ పోటీల్లో పతకాలు గెలిచారు. మేం పతకాలేమీ తేలేదు గానీ ఒక పాఠం తెచ్చుకున్నాం. ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దాన్నే చెప్పదలిచాం.

మాది ఎంటర్‌ప్రైజ్ రకం పడవ. 1956లో ఇంగ్లండులో జాక్ హోల్ట్ రూపొందించినది. 13 అడుగుల పొడవు, ఇద్దరు నడపాలి. దాని అడుగున సన్నని చీలిక, అందులోంచి నీళ్లలోకి దిగే చెక్క పలక ఉంటాయి. ఆ పలకే సెంటర్‌బోర్డు. మడతచాకులా ఒక బోల్టు మీద తిరుగుతుంది. గాలికి పడవ పక్కకు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఇదే. ఎదురుగాలిలోనూ ఏటవాలుగా మలుపులు తిరుగుతూ ముందుకు పోతున్నామంటే దీని పుణ్యమే. పడవ ఒరిగి పడితే దీని మీద నిలబడి, బరువేసి లేపాలి. పలక లోపలే ఇరుక్కుంటే కాలు పెట్టే చోటుండదు.

ఒకరోజు మా పడవలో అదే ఇరుక్కుంది. ఒడ్డున ఒకాయన "హాస్టల్ పిల్లల చేతికిస్తే ఇంతే" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. కోపంతో మాలో ఒకడు ఇనుపరాడ్డు తెచ్చి పైనుంచి పొడవబోయాడు. బోరు మోటార్లు బాగుచేసే ఇంటి నుంచి వచ్చిన ఇంకొకడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "పొడిస్తే పలక చీలుద్దిరా. ముందు కింద ఏముందో చూద్దాం" అన్నాడు.

తెరచాపలు దించి, పడవను పాత టైర్ల మీద పక్కకు ఒరగబెట్టాం. చీలికలో కంకరరాయి, చుట్టూ బురద. వెదురుబద్దతో కిందినుంచి మెల్లగా కదిపి, బకెట్లతో నీళ్లు కొట్టాం. రాయి రాలింది. అయినా పలక సగమే దిగింది. బోల్టు విప్పి బయటికి తీస్తే, వార్నిషు లేచిపోయిన చోట చెక్క నీళ్లు తాగి ఉబ్బి ఉంది. నీడలో ఆరబెట్టాం, గరుకుకాగితంతో రుద్దాం, మళ్లీ వార్నిషు పూశాం. బోల్టుకు కొత్త రబ్బరు వాచర్లు వేశాం. అవి లేకుంటే అక్కణ్నుంచి పడవలోకి నీళ్లు కారతాయి.

నిజం చెప్పాలంటే ఆ రాయిని ఎక్కించుకున్నది మేమే. నలుగురం కలిసి మోయాల్సిన పడవను కంకర మీద ఈడ్చాం. చెక్క ఉబ్బడం మాత్రం మేం రాకముందు నుంచీ ఉన్నదే. ఏది మా తప్పో, ఏది కాదో తెలిశాకే ఆయనకు తలెత్తి జవాబు చెప్పగలిగాం.

మిత్రులారా! మా ఇళ్లల్లో మొదటి డిగ్రీలు మావే. చదువుకున్నవాడి చేతికి మసి అంటకూడదని మన అమ్మానాన్నలు కోరుకున్నారు. వాళ్ల చేతులు పడిన కష్టం అలాంటిది. ఆ కోరికను మేం తప్పుపట్టం. కానీ ఆ చేతుల్లోని తెలివిని కూడా మనం ఊళ్లోనే వదిలేసి వస్తున్నాం. ఆ రోజు మమ్మల్ని గట్టెక్కించింది డిగ్రీ కాదు, ఓ నాన్న దగ్గర కూర్చుని చూసిన పని.

హాస్టల్లో కుళాయి కారినా, తలుపు గడియ ఊడినా నెలల తరబడి ఎదురుచూస్తాం. బాగుచేయించే బాధ్యత ప్రభుత్వానిదే, ఆ హక్కును వదులుకోవద్దు. అయితే "నీళ్లు రావడం లేదు" అని రాసిన అర్జీ కంటే, ఏ వాల్వు పోయిందో రాసిన అర్జీకి బరువెక్కువ. దాన్ని పక్కన పడేయడం కష్టం.

అందుకే మా విన్నపం. ప్రతి హాస్టల్లో ఒక పనిముట్ల పెట్టె, ఒక రిజిస్టరు ఉండాలి. నెలకో ఆదివారం పాత విద్యార్థులు వచ్చి, పాడైనదాన్ని పిల్లల ముందే విప్పి చూపాలి. కరెంటు పని తెలిసినవాళ్లే చేయాలి, మిగతావాళ్లు దూరం నుంచి చూడాలి. మొదటి ఆదివారం మేమే వస్తాం. పెట్టె కూడా మేమే తెస్తాం.