బ్లైండ్ తాడు తెగితే...
పవర్‌లూమ్‌పై తెగిన పోగును అతకడం సూరత్‌లోని తెలుగు పద్మశాలీలకు నిత్యకృత్యం. కిటికీ బ్లైండ్ తాడు మార్చడమూ అలాంటి పనే. పీచులు లేచిన తాడు పూర్తిగా తెగకముందే దాని కొసను, కొత్త పాలిస్టర్ తాడు కొసను వేడికి కరిగించి, ఉబ్బు లేకుండా అతకాలి (నూలు తాడైతే కాలిపోతుంది, కుట్టాల్సిందే). చల్లారాక పాతదాన్ని లాగితే కొత్తది అదే దారిన రంధ్రాల్లోంచి వచ్చేస్తుంది.

అసలు తప్పు చివర్లో జరుగుతుంది. వేలాడే కొసలు రెంటినీ కలిపి ముడేస్తే అది ఉచ్చే. మెడకు బిగుసుకుని పసిపిల్లలు చనిపోయిన ఉదంతాలు అనేక దేశాల్లో ఉన్నాయి. అమెరికా ప్రమాణాలైతే 2018 డిసెంబర్ నుంచి రెడీమేడ్ బ్లైండ్లకు చేతికందే పొడవాటి తాడు ఉండకూడదన్నాయి. ఇంట్లో పాత బ్లైండ్ ఉంటే కొసల్ని విడిగా ఉంచి, పిల్లలకు అందని ఎత్తులో కొక్కేనికి చుట్టాలి. ఉయ్యాలను, మంచాన్ని కిటికీ దగ్గర్నుంచి జరపాలి.