రేడియేటర్‌లో బోరు నీళ్లు

పోయిన మే నెలలో అవ్వను కంటి ఆపరేషన్‌కు కడప నుంచి కర్నూలుకు తీసుకుపోతుంటే, చాగలమర్రి దగ్గర మా మారుతి 800 ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఒకటే ఆవిరి. అవ్వను ఆటోలో ఎక్కించి, ఆళ్లగడ్డలో బస్సు పట్టుకున్నాం.

"హెడ్ గ్యాస్కెట్ పోయింది, రేడియేటర్ మార్చాల. క్లచ్ ప్లేట్ కూడా అయిపోవచ్చింది. అంతా కలిపి 32 వేలు సార్" అన్నాడు మెకానిక్. అమ్మితే 50 వేలు కూడా రాని బండి అది. "దానికి దుడ్లు పోయడం దండగ బావా, కొత్తది తీసుకో" అన్నాడు మా మామ. నాయన నన్నడిగాడు. కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి కార్లు కూడా తెలుస్తాయని ఆయన నమ్మకం!

మామ లెక్క తప్పని నా అభిప్రాయం. మనం బండిని అమ్మడం లేదు కదా, మరి రిపేరు ఖర్చును దాని అమ్మకం ధరతో పోల్చడం ఎందుకు? పోల్చాల్సింది కొత్త కారుకయ్యే ఖర్చుతో. 5 లక్షల లోను, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే నెలకు దాదాపు 10,400 కట్టాలి. అంటే ఈ రిపేరు మూడు కంతుల పాటి. వడ్డీ ఒక్కటే లక్షా ఇరవై వేలు దాటుతుంది. చెల్లెలు ఇప్పుడే ఇంటర్‌లో చేరింది, దాని ఫీజులు ఇంకా ముందున్నాయి.

పైగా బండి ఎందుకు చెడిందో ఎవరూ అడగలేదు. పాత రేడియేటర్ విప్పితే లోపల తెల్లగా గార కట్టి ఉంది. మేం ఏళ్ల తరబడి పోసింది బోరు నీళ్లే. స్కూల్లో నేను హార్డ్ వాటర్ అని చదివిందాన్నే అవ్వ ఉప్పునీళ్లు అంటుంది, వాటిలో పప్పు ఉడకదని మంచినీళ్లు పట్టి పెడుతుంది. పప్పుకు చూపించిన శ్రద్ధ ఇంజన్‌కు చూపించలేదు మేము. కొత్త కారు కొన్నా అవే నీళ్లు పోసేవాళ్లం.

మా ఫీల్డ్‌లోనూ ఇదే గొడవ. నెట్‌స్కేప్ వాళ్లు పాత బ్రౌజర్ కోడ్‌ను పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి రాశారు. అది 2000లో నెట్‌స్కేప్ 6గా బయటికొచ్చేసరికి మార్కెట్ ఎక్స్‌ప్లోరర్ చేతికి పోయింది.

మాది 2009 బండి. పదిహేనేళ్లు నిండాక 2024లో 5 వేలు ఫీజు కట్టి రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం. 2014లోనే మారుతి 800 తయారీ ఆపేసినా, స్పేర్లు మా వైపు ఇంకా దొరుకుతున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం నా దగ్గర జవాబు లేదు. మా బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు. కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. ఎండకు భయపడి మనం రాత్రిళ్లు బయలుదేరతాం, హైవే నిండా లారీలు. ఆ పక్కన మా 800 అగ్గిపెట్టె లాగుంటుంది. దీన్ని 32 వేలతో బాగుచేయలేం. అందుకే నాయనకు రెండు మాటలు చెప్పా: రిపేరు చేయిద్దాం, కానీ ఊళ్లో తిరగడానికే. కర్నూలుకైతే బస్సు.

నాయన మొదటి మాట విన్నాడు. డిక్కీలో ఇప్పుడు కూలెంట్ డబ్బా ఉంది. రెండో మాట దగ్గర మాత్రం "చూద్దాంలే రా" అన్నాడు. వచ్చే నెల అవ్వకు రెండో కంటి ఆపరేషన్. ఆమె అప్పుడే చెప్పేసింది, బస్సుకైతేనే వస్తానని.