శీలానికి రూపమేది?

ఫ్లారెన్సు చిత్రాలలో పార్శ్వముఖంగా నిలిచిన స్త్రీని అంతస్సౌశీల్యానికి ప్రతీకగా కీర్తించడం పరిపాటి. ఈ కీర్తన పరిశీలనకు నిలువదు. 1488లో మరణించిన జొవాన్నా తోర్నబువోనిని గిర్లాందాయో చిత్రించినపుడు ఆమె చూపు మనవైపు తిరగలేదు. వస్త్రంపై మాత్రం భర్త లొరెంజో పేరిటి తొలి అక్షరం నిలిచింది. గుణాన్నీ మనస్సునూ కళ చూపలేకపోతున్నదని ఆ పటంలోని లాటిన్ వ్రాతయే వాపోయింది. మరి అందు కనబడేది శీలమా, వంశగౌరవమా?

పుదుచ్చేరి భారతి ఉద్యానంలోని ఆయి మండపం వేరొక సమాధానం చెబుతుంది. కృష్ణదేవరాయల ఆగ్రహానికి గురైన ఆయి అనే గణిక తన మేడను తానే కూల్చి, ప్రజలకు చెరువు త్రవ్వించిందని జనశ్రుతి. సంఘం శీలవతి అనని స్త్రీకి మూడవ నెపోలియన్ కాలంలో ఈ మండపం వెలసింది. అది స్మరించేది ఆమె ముఖాన్ని కాదు, ఆమె ఇచ్చిన నీటిని. సౌశీల్యాన్ని స్త్రీ మౌనంలో వెదకే విమర్శకులు ఆమె చేతలను చూడడం ఎన్నడు నేర్చుకుంటారు?