గరాజు కబుర్లు: గాలిలా తిరిగే లేతు

మా ఇంట్లో దోసెలు ఆగిపోయి మూడు వారాలైంది. గ్రైండరులో రాళ్ళు తిరిగే స్టీలు ఇరుసు అరిగిపోయి పిండిలో సన్నటి నల్లచార కనపడటం మొదలైంది. ఇండియా నుంచి తెప్పిద్దామంటే ముక్క ఖరీదు కంటే పంపే ఖర్చు ఎక్కువ. "గరాజులో అంత మిషను పెట్టుకుని వేలెడు ఊచ చెయ్యలేరా?" అంది మా ఆవిడ. తప్పు పట్టడానికి లేదు. ఆ మిషను కొన్న రోజున "ఇంట్లో ఏది విరిగినా ఇక మనమే చేసుకోవచ్చు" అని కోసిందే నేను.

ఈ కబుర్లు మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి నా లేతు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ మిషిగన్‌లోనే కలమజూ అనే ఊళ్ళో అట్లాస్ ప్రెస్ అని ఓ కంపెనీ ఉండేది. వాళ్ళు చేసిన లేతుల్ని సియర్స్ వాళ్ళు క్రాఫ్ట్స్‌మన్ పేరుతో కూడా అమ్మేవారు. నాది 10 అంగుళాల అట్లాసు. స్పిండిలుకి రెండు వైపులా టిమ్‌కెన్ టేపరు రోలరు బేరింగులున్న రకం. పోయిన వేసవిలో స్పిండిలు ఊడదీసి, బేరింగులు కడిగి, నూనె వేసి మళ్ళీ బిగించాను. చక్‌ని చేత్తో ఒక్క తిప్పు తిప్పితే నాలుగైదు చుట్లు తిరిగేది. వీడియో తీసి స్నేహితులందరికీ పంపించుకున్నాను కూడా.

తీరా స్టెయిన్‌లెస్ ఊచ పట్టించి కోత మొదలుపెడితే గరగరమని ఒకటే వణుకు. పైన చేప పొలుసుల్లాంటి గీతలు. టూలు సాన పట్టాను. టూలు ఎత్తు సరిచూశాను. స్పీడు తగ్గించాను. ఊచని చక్ బయటికి తక్కువ ఉంచి పట్టించాను. నాలుగు సాయంత్రాలు పోయాయి గానీ పొలుసులు పోలేదు.

ఐదో రోజు రాత్రి తొమ్మిదింటికి మా మేనమామకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఆరున్నర. బెజవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లేతు షాపు నడిపిన మనిషి. నా చిన్నప్పటి వేసవి సెలవులన్నీ ఆ షాపులోనే గడిచాయి. లారీ చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టడం నా డ్యూటీ. ఆ షాపు చప్పుడుకి మామయ్య చెవులు దెబ్బతిన్నాయి. అందుకని గరగర వినిపిస్తానంటే వద్దన్నాడు.

"చక్ తిప్పి వదిలితే ఎంతసేపు తిరుగుతుంది?"

"చాలాసేపు మామయ్యా. గాలిలా తిరుగుతుంది."

"అదేరా రోగం. లేతు గాలిలా తిరక్కూడదు. బెల్లప్పాకంలో తిరిగినట్టు తిరగాలి."

తర్వాత అడిగాడు, నట్టు ఎలా బిగించావని. లారీ చక్రానికి ఆయన నేర్పినట్టే చేశానని చెప్పాను. తిప్పుతూ బిగించి, కొంచెం వెనక్కి వదిలి, ఓ రవ్వ లూజు ఉంచాను. అవతల నవ్వు వినపడింది. "చక్రానికి అదే పద్ధతి. లేతుకి తిరగెయ్యాలి. లూజు సున్నాకి వచ్చాక ఇంకా ముందుకే వెళ్ళాలి."

రెండూ టేపరు బేరింగులే. అసలీ బేరింగు పుట్టింది బండి చక్రం కోసమే. సెయింట్ లూయిస్‌లో గుర్రబ్బళ్ళు చేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. బండి మలుపు తిరిగినప్పుడు చక్రం మీద పక్కనుంచి పడే ఒత్తిడిని కూడా మోయాలన్నది ఉద్దేశం. చక్రానికి రవ్వంత లూజున్నా నడుస్తుంది. లేతులో ఆ లూజే కొంప ముంచుతుంది. లూజుంటే బరువంతా ఏ రెండు మూడు రోలర్ల మీదో పడుతుంది. టూలు తగలగానే స్పిండిలు లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. నా చేపపొలుసులు అవే. ముందే కాస్త బిగువు ఇచ్చి ఉంచితే రోలర్లన్నీ ఎప్పుడూ నొక్కుకునే ఉంటాయి. స్పిండిలుకి కదలడానికి చోటుండదు.

చక్‌లో పొడుగు కడ్డీ పట్టించి పైకి ఎత్తి చూశాను. హెడ్‌స్టాక్ మీద కూర్చోబెట్టిన డయల్ సూది రెండు గీతలు కదిలింది. గీతకి అంగుళంలో వెయ్యోవంతు, షాపు భాషలో ఒక థౌ. నాలుగు సాయంత్రాల్లో ఈ ఒక్క పరీక్షా నాకు తోచలేదు.

ఈ అట్లాసు లేతుకి కంపెనీ పుస్తకం చెప్పే లెక్క తేలికే. లూజు పోయిన చోటినుంచి నట్టు పదహారోవంతు చుట్టు ముందుకి. స్పిండిలు గేరుకి 32 పళ్ళు కాబట్టి రెండు పళ్ళంత. నేనేమో ఇన్నాళ్ళ లూజుకి ప్రాయశ్చిత్తంగా ఆరు పళ్ళు తిప్పాను. కోత అద్దంలా వచ్చింది. పావుగంటకి నూనె కాలుతున్న వాసన కూడా వచ్చింది.

మళ్ళీ ఫోన్. "చక్ మీద కాదు, హెడ్‌స్టాక్ దిమ్మ మీద, బేరింగు పక్కన చెయ్యి పెట్టు. ఎంతదాకా లెక్కపెట్టగలవు?" మూడు దగ్గర చెయ్యి లాగేసుకున్నాను. "ఆపెయ్. చల్లారేదాకా ముట్టుకోకు."

చల్లగా ఉన్నప్పుడు బాగానే తిరిగిందిగా అన్నాను. మీ లేతు దగ్గరికెళ్ళి ఆ నట్టు ఎలా పట్టుకోవాలో వీడియోలో చూపించమని కూడా అడిగాను. మామయ్య కాసేపు మాట్లాడలేదు. షాపు ఇంటి వెనకే. నడుచుకుంటూ వెళ్ళి తలుపు తీసి ఫోను తిప్పాడు. లేతు లేదు. నల్లటి సిమెంటు నేల మీద నాలుగు ఫౌండేషను బోల్టులు నిలబడి ఉన్నాయి. ఓ మూల ఇనుప రజను పోగు.

"రెండు నెలలైంది. కిలోల లెక్కన తీసుకెళ్ళారు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఏం చేస్తావు, విమానంలో ఎక్కించుకుపోతావా?"

ఇంట్లోకి తిరిగొచ్చి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్న రెండు స్టీలు గ్లాసులు పట్టుకుని కూర్చున్నాడు. "ఇవి విడదియ్యాలంటే మీ అత్తయ్య ఏం చేస్తుంది? లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోసి, బయట వేణ్ణీళ్ళు పడుతుంది. నీ లేతులో దానికి తలకిందులు. లోపలిది ముందు వేడెక్కుతుంది, ఇంకా బిర్రుగా ఇరుక్కుంటుంది."

తర్వాత కాగితం మీద లెక్క వేసి చూశాను. 40 మిల్లీమీటర్ల ఉక్కు స్పిండిలు చుట్టూ ఉన్న దిమ్మ కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే మిల్లీమీటరులో దాదాపు నూరోవంతు లావవుతుంది. స్పిండిలు పొడవు కూడా పెరిగి బిగువుని కొంత సడలిస్తుంది. ఏది గెలుస్తుందన్నది మిషను కట్టుబడిని బట్టి. నా మిషనులో ఏది గెలిచిందో నా అరచెయ్యి చెప్పింది.

మర్నాడు బేరింగులు విప్పి చూస్తే గోధుమరంగు మరక తప్ప దెబ్బేమీ లేదు. కడిగి, నూనె వేసి, ఈసారి మామయ్య చెప్పిన వరస తప్పలేదు. అరగంట తిప్పి వేడెక్కనిచ్చాను. ప్లగ్గు పీకాను. బెల్టు వదులు చేసి, సెట్‌స్క్రూ సడలించి, డయల్ మీద లూజు కనపడేదాకా నట్టు వెనక్కి తిప్పాను. రోలర్లు సర్దుకునేలా స్పిండిలుని చేత్తో తిప్పుతూ మెల్లగా సూది కదలని చోటికి తెచ్చాను. సుద్దముక్కతో గుర్తు పెట్టాను. అక్కణ్ణుంచి రెండు పళ్ళు. సెట్‌స్క్రూ బిగించాను. మళ్ళీ అరగంట నడిపాను. మీ దగ్గర వేరే లేతుంటే ఈ రెండు పళ్ళ లెక్క అప్పు తీసుకోకండి, మీ మిషను పుస్తకం చూడండి. చెయ్యి పెట్టి లెక్కపెట్టడం మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది.

ఇప్పుడు చక్ చేత్తో తిప్పితే ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. వీడియో తీసి పంపితే మెచ్చుకునేవాళ్ళు లేరు. ఇరుసు మాత్రం నున్నగా వచ్చింది. శనివారం పొద్దున్న మా ఆవిడ పిండి రుబ్బుతుంటే మామయ్యకి ఫోన్ చేశాను.

"చెయ్యి పెట్టావా? ఎన్ని?"

"ఇరవై దాకా లెక్కపెట్టాను మామయ్యా. తర్వాత మానేశాను, చెయ్యి తియ్యాల్సిన పని లేదు."

"ఊఁ" అన్నాడు. కాస్సేపాగి, "మనదాని మీద పొద్దున్నే కేరియరు పెట్టేవాణ్ణి. మధ్యాన్నం తీస్తే అన్నం గోరువెచ్చగా ఉండేది" అన్నాడు.