బారసింగాల వలస

మధ్యప్రదేశ్‌లోని కన్హా అడవిలో 1970లో బారసింగాలను లెక్కించగా తేలినవి 66. గట్టినేలపై జీవించే ఈ ఉపజాతి స్వేచ్ఛగా తిరిగే అడవి అప్పటికి మరొకటి మిగిలి లేదు. తెరాయి, అస్సాం ప్రాంతాల బారసింగాలు చిత్తడినేలల జీవులు. బురదలో దిగబడకుండా వాటి గిట్టలు విచ్చుకొని ఉంటాయి. కన్హా బారసింగా గిట్టలు దగ్గరగా, దృఢంగా ఉంటాయి. పేరునుబట్టి కొమ్ములకు పన్నెండు కొనలుండాలి గాని, మగమృగాలన్నీ ఆ లెక్కను పాటించవు.

ఈ మృగానికి దాదాపుగా గడ్డే ఆహారం. తల్లి తన పిల్లను దాచుకొనేదీ పొడుగాటి గడ్డిలోనే. పశువుల మేతవల్ల, కార్చిచ్చులవల్ల ఆ గడ్డి కురచబడేసరికి ఆకలికి పులి తోడై మందను హరించింది. అందుచేత సోన్ఫ్ వంటి గ్రామాలను పచ్చికబయళ్లనుండి తరలించారు. కొంత మేర కంచె వేసి, క్రూరమృగాలు చొరకుండా కొన్ని బారసింగాలను అందులో పెంచారు. గడ్డి పెరిగింది, దానితోపాటు మందా పెరిగింది. ఈ విజయాన్ని కీర్తించేవారు ఇల్లూ పొలమూ వదలి వెళ్లిన గ్రామస్థుల ప్రస్తావన తరచు మరచిపోతుంటారు.

అయినా గండం గడవలేదు. జాతి యావత్తూ ఒకే అడవిలో ఉన్నప్పుడు, తుడిచిపెట్టడానికి ఒక్క అంటురోగం చాలు. కొన్నిటిని వేరొకచోట నెలకొల్పక తప్పదు. కాని జింకజాతిని పట్టడం సులభం కాదు. తరిమి వలలో చిక్కించి కాళ్లు కట్టివేస్తే, భయానికీ పెనుగులాటకూ కండరాలు దెబ్బతింటాయి. పైకి గాయమేదీ కనబడకుండానే కొన్ని గంటలకో, కొన్ని రోజులకో అది ప్రాణం విడుస్తుంది.

ఇందుకు ఆఫ్రికాలో వాడుకలో ఉన్న ‘బోమా’ పద్ధతిని ఆశ్రయించారు. ఇది గరాటు ఆకారంలో కట్టిన దడి. ప్రవేశద్వారం విశాలం, పోనుపోను దారి ఇరుకవుతుంది. దడికి అవతలి దృశ్యం కనబడకుండా తెరలు కప్పుతారు. చూపు ఆవలికి సాగదు కనుక మృగం దానిని ఛేదించబోదు. వెనుకనున్న మనుషులనూ చూడదు. మంద దారివెంట నడచి, చివరనున్న వాహనంలోకి తనంతతానే ఎక్కుతుంది. ఎవరూ దానిని చేతితో తాకవలసిన పని లేదు.

2015లో ఈ విధంగానే కొన్ని బారసింగాలను సాత్పురా పులుల సంరక్షణ ప్రాంతంలోని బోరీకి చేర్చారు. పూర్వం అవి తిరుగాడిన నేలే అది. కొత్తచోటు అలవాటయ్యేదాకా వాటిని అక్కడ కంచె లోపలనే ఉంచారు. 2023లో బాంధవ్‌గఢ్ వంతు వచ్చింది. అక్కడ కూడ వాటి తొలి మజిలీ కంచె లోపలి పచ్చికబయలే.